కొన్నమ్మ నేర్పిన ఈత

అప్పలనరసమ్మకి పిల్లలు పుట్టలేదు. ఒక పిల్లని మాత్రం చేటెడు తవుడిచ్చి కొనుక్కుంది.

ఆ తవుడు రాయపూర్ గుఢియారీ బజారులోని రైసు మిల్లుది. కొన్నది అరవై తొమ్మిది వానాకాలంలో. అమ్మింది మా రైల్వే లైన్లలో రెండో వరస చివరి క్వార్టరులో ఉండే సుభద్ర. ఆమె భర్త కొండలరావు వ్యాగన్ల బ్రేకులు బిగించే ఫిట్టరు. బొబ్బిలి వైపు నుంచి వచ్చినవాళ్ళు. అంతకుముందు పుట్టిన ఇద్దరూ వాళ్ళకి దక్కలేదు. మొదటిది పురిట్లోనే పోయింది. రెండోవాడు నడక నేర్చి, మాటలు నేర్చి, రైలు కట్ట అవతలి ఖదాన్‌లో పడి పోయాడు. అలా బిడ్డలు దక్కనివాళ్ళు ఆ తర్వాత పుట్టిన బిడ్డని పురిటి స్నానం నాడే ఎవరికో ఒకరికి తవుడుకి అమ్మేస్తారు. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదని చావుని నమ్మించడానికి. కొన్నామె బిడ్డని ఓసారి ఒడిలోకి తీసుకుని, ‘ఇది నాది, నీ దగ్గరుంచి పెంచు’ అని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఆమెని ఎవరూ తలుచుకోరు. పేరు మాత్రం ఉండిపోతుంది. ఆ పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టారు.

కొనడానికి నరసమ్మనే పిలవడానికి కారణం ఉంది. చావు నమ్మాలంటే బిడ్డ ఎందుకూ కొరగాని చోటికి పోయినట్టు కనిపించాలి. మా వాళ్ళ లెక్కలో నరసమ్మ కంటే కొరగాని మనిషి లేదు. భీమిలి జాలరి మనిషి. గ్యాంగ్‌మన్ కోటయ్యని కట్టుకుని రాయపూర్ వచ్చింది. వచ్చిన కొన్నేళ్ళకే కోటయ్య పట్టాల మీద పనిచేస్తూ ఇంజను కింద పడ్డాడు. ఆమె కట్ట పక్కన రేకుల గుడిసె వేసుకుని, వాల్తేరు పాసింజరులో వచ్చే ఎండుచేపల బుట్టలు దింపుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఆమె చేపలు అందరికీ కావాలి. ఆమె మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు. పక్క నుంచి నడిచి వెళితే చాలు, ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు, ఆ మధ్యాహ్నం అదే చేప పులుసు వండుకుని తినబోయేవాళ్ళు కూడా.

ఖదాన్ అంటే చెరువు కాదు. కట్ట పొయ్యడానికి ఎప్పుడో మొరం తవ్వుకుని వదిలేసిన గొయ్యి. చెరువుకైతే ఒడ్డు మెల్లగా దిగుతుంది. దీనికి దిగదు. పాదం మునిగే నీళ్ళలో నాలుగడుగులు నడుస్తాం, ఐదో అడుగుకి కింద ఏమీ ఉండదు. ఎర్రటి నీళ్ళు కాబట్టి ఆ అంచు పైకి కనిపించదు. ఎండాకాలం వచ్చిందంటే లైన్లలో నల్లాలు ఎండిపోయేవి. ఆడవాళ్ళందరూ బట్టలు మూటగట్టుకుని అక్కడికే పోవాలి. పిల్లలు వెనకాలే పోవాలి. ఏడాదికో రెండేళ్ళకో ఒక బిడ్డ అందులో పోయేది. పోయినప్పుడల్లా నాలుగు రోజులు ఏడ్చి, అమ్మవారికి కోడిని కోసి, మళ్ళీ మూటలు ఎత్తుకునేవాళ్ళు. పిల్లలకి ఈత నేర్పిద్దామని ఒక్క మగాడికీ తోచలేదు. తోచినా నేర్పేవాడు లేడు. సముద్రం పక్క జిల్లాల నుంచి వచ్చామని హిందీవాళ్ళ ముందు గొప్పలు చెప్పుకున్న వాళ్ళలో మొలలోతు దాటి దిగినవాడు లేడు.

తవిటమ్మకి రెండేళ్ళు నిండాక సుభద్రకి కొడుకు పుట్టాడు. సూరిబాబు. సింహాచలం వెళ్ళినప్పుడు ఇద్దరి జాతకాలూ చూపించారు. కూతురికి జలగండం ఉంది, పన్నెండో ఏడు నిండేదాకా నీటి దగ్గరికి పోనివ్వకండి అన్నాడు జాతకం చూసినాయన. కొడుక్కి ఏ గండమూ లేదు, నిండు నూరేళ్ళు అన్నాడు. సుభద్ర ఆ రెండు మాటలూ కొంగున ముడి వేసుకుని రాయపూర్ తిరిగొచ్చింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో కాపలా అంతా పిల్లకే. తవిటమ్మకి చెంబుతో పోసిన నీళ్ళే స్నానం. వాన పడితే తలుపు గడియ. తల్లి బట్టలు ఉతకడానికి పోయేటప్పుడు ఆ పిల్లని నులకమంచం కోడుకి పాత చీర పేలికతో కాలు కట్టేసి పోయేది. సూరిబాబు మాత్రం తల్లి ముందు గెంతుకుంటూ ఖదాన్‌కి పోయేవాడు. వాడికి నూరేళ్ళున్నాయి.

తవిటమ్మకి ఏడో ఏడు నడుస్తున్న వేసవిలో ఒక మధ్యాహ్నం నరసమ్మ చేపల బుట్టతో ఆ గుమ్మం ముందు ఆగింది. లోపలి నుంచి పిల్ల మూలుగు వినిపించింది. గుమ్మం దాటకూడదన్నది మరిచిపోయి లోపలికి వెళ్ళింది. పేలిక ఒరుసుకుని చీలమండ దగ్గర తోలు ఊడింది. పిల్ల పడుకున్నచోటే పాడు చేసుకుని ఉంది.

నరసమ్మ చేపలు కోసే కత్తితో పేలిక కోసింది. పిల్లని చంకనెత్తుకుని బయటికి వచ్చేసరికి సుభద్ర తడి మూటతో ఎదురొచ్చింది.

“ఏటే నర్సమ్మా! నా ఇంట్లోకొచ్చి నా మంచం ముట్టుకుంటావా? దించు దాన్ని!”

“దించను. దీనికి ఈత నేర్పుతాను.”

ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి రమణమ్మ పకపకా నవ్వింది. “సూడండర్రా, ఎండు చేపలమ్మి పచ్చి చేపని తయారు సేత్తాదట!”

“దానికి నీటిగండం ఉందే ముండా! సంపేత్తావా?” అంది సుభద్ర.

“గండం ఉంది గనకే నేర్పాల. గండం లేనోడికి ఈతెందుకు? మందు రోగం ఉన్నోడికే గదా.”

“పిల్లకి ఏం కావాలో సెప్పడానికి నువ్వెవర్తివే?”

నరసమ్మ పిల్లని ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఈ గుంట ఎవర్ది సుభద్రమ్మా? అందరి ముందూ సెప్పు. ‘నాది’ అని నీ నోటితో ఒక్కసారి అను, ఇప్పుడే దించెత్తాను.”

సుభద్ర నోరు తెరిచింది. మూసింది. ‘నాది’ అందంటే అమ్మకం చెల్లదు. ఏడేళ్ళుగా మోసపోతున్న చావు పక్కనే నిలబడి వింటూ ఉంటుందని ఆమె నమ్మకం. ఆమెది మాత్రమే కాదు, అక్కడ నిలబడ్డ అందరిదీ. రమణమ్మ నవ్వు ఆగిపోయింది. రాత్రి డ్యూటీ చేసి వెనక వసారాలో పడి నిద్రపోతున్న కొండలరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి, సంగతి అర్థమయ్యాక తల గోక్కుంటూ నిలబడ్డాడు.

“అనవు గదా? తవుడుకి కొన్నాను, నాదే. పొద్దున్నే తీసుకెల్తాను, ఎండెక్కినాక తెచ్చి ఒప్పగిత్తాను. నీ దగ్గరుంచి పెంచుకో.”

మొదటి రోజు నరసమ్మ పిల్ల నడుముకి వల తాడు కట్టి, అంచు దగ్గరికి నడిపించి, మాట కూడా చెప్పకుండా తోసేసింది. పిల్ల బుడుంగున మునిగి, తేలి, నీళ్ళు తాగి, కళ్ళు తేలేసింది. తాడు లాగి ఒడ్డున పడేసింది. కక్కేదాకా వీపు మీద చరిచింది.

“సూసినావా అంచు? అదీ అంచు. కన్ను సెప్పదు. కాలు సెప్పాల. ఏ కొత్త నీటిలోనైనా ఒక కాలు గట్టిగా ఆనినాక రెండో కాలు ముందుకెయ్. ఆనకపోతే ఎనక్కి రా.”

తర్వాత మళ్ళీ తోసింది.

ఆమె నేర్పే పద్ధతిలో ప్రేమ వెతికితే దొరకదు. వెల్లకిలా తేలమని నీటి మీద పడుకోబెట్టి, పిల్ల భయపడి బిగుసుకుంటే తొడ మీద గిల్లేది. నోరు తెరిస్తే నోట్లోకి నీళ్ళు చల్లేది. ఏడిస్తే, “ఏడు, ఏడు. ఏడిత్తే గాలి పోద్ది, గాలి పోతే మునుగుతావు. మునిగినాక మీయమ్మ ఏడుత్తాది, నీకు బాధ నేదు,” అనేది. లంగా జాకెట్టు విప్పనిచ్చేది కాదు. “బట్టలిప్పుకుని ఎవర్తె పడతాది నీటిలో? పడినట్టే నేర్చుకో.” తవిటమ్మ ఆమెని ‘కొన్నమ్మ’ అని పిలవడం మొదలుపెట్టింది. మొదట్లో అది తిట్టు. కాళ్ళు వాటంతటవే నీటిని కొట్టడం మొదలుపెట్టాక కూడా తిట్టే. ఎప్పుడు తిట్టు కాకుండా పోయిందో ఇద్దరికీ తెలియదు.

రెండో వేసవికి పిల్ల ఖదాన్ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేది. అప్పుడు నరసమ్మ అసలు పాఠం ఎత్తుకుంది.

“ఎవరైనా మునుగుతా ఉంటే ఏటి సేత్తావు?”

“దూకి తెత్తాను.”

చెంప ఛెళ్ళుమంది. “దూకకు. మునిగేవోడు మనిషి కాదు. తల్లైనా, తమ్ముడైనా, నీ మీదెక్కి గాలి పీల్చుకుంటాడు. సీర ఇసురు. కర్ర అందించు. ఏదీ నేకపోతే అప్పుడు ఎల్లు. ఎనక నుంచి ఎల్లు. సెయ్యి పట్టుకోకు, సెయ్యి ఇవ్వకు. జుట్టు పట్టుకుని లాగు. ఒకేల నీ మెడ పట్టుకున్నాడా, పైకి రావాలని సూడకు. కిందకి ములుగు. గుండెల మీద కాలెట్టి తన్ను. వదిలేదాకా తన్ను.”

ఆ రోజుల్లోనే సూరిబాబు ఒడ్డున గొంతుక్కూర్చుని చూసేవాడు. ఓ పొద్దున అడిగాడు. “నాక్కూడా నేర్పవే, కొన్నమ్మా.”

నరసమ్మ చేయి విదిలించింది. “నీకెందుకురా నూరేల్లోడివి! పో, గోలీలాడుకో.”

ఊరంతా వెలివేసినట్టు చూసే ఆ మనిషి, నీటి గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి, జాతకం మాట దగ్గరికి వచ్చేసరికి సుభద్రకి అచ్చం అక్కచెల్లెలు. గండం కూతురిది. కాబట్టి ఈత కూతురికే.

డెబ్భై ఎనిమిది మే నెలలో కొండలరావు పాసు తీసుకుని అందరినీ సింహాచలం తీసుకెళ్ళాడు. సూరిబాబు తలనీలాలు మొక్కు చాన్నాళ్ళుగా ఉండిపోయింది. నున్నటి గుండుతో, గుండు మీద చందనంతో వాడు తిరిగొచ్చాడు. లైన్లలో పిల్లలందరూ ఆ గుండు నిమిరి పారిపోతుంటే వాడు వెంటపడి కొట్టేవాడు. కాళ్ళకి విజయనగరంలో కొన్న కొత్త రబ్బరు చెప్పులు. అవి విప్పడు. పడుకున్నా విప్పడు.

వచ్చిన రెండో రోజు సుభద్రకి ప్రయాణం బడలికతో జ్వరం తగిలింది. ఉతకవలసిన మూట రమణమ్మ చేతికిచ్చి పంపింది. రమణమ్మ వెంట సూరిబాబు పరిగెత్తాడు. వద్దనడానికి ఎవరికీ కారణం కనిపించలేదు. అన్నం వేళకి తవిటమ్మని పంపింది తల్లి. “తమ్ముణ్ణి పిలుచుకు రా. కట్ట మీద నించునే పిలు. నర్సమ్మ నేకుండా కిందకి దిగితే కాల్లిరగ్గొడతాను.”

తవిటమ్మ కట్ట ఎక్కేసరికి సూరిబాబు చెప్పు ఒకటి నీటి మీద తేలుతోంది. వాడు దాని వెనకాల నడుస్తున్నాడు. చెయ్యి చాపితే అందేటంత దూరంలో అది, చాపినప్పుడల్లా అలకి జరిగిపోతూ. పిల్ల కేక వేసింది. “ఒరే సూరిగా, అంచు! ఒగ్గీరా ఆ సెప్పు!”

వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. నవ్వుతూనే ఇంకో అడుగు వేశాడు.

గుండు ఒకసారి పైకి వచ్చింది. చేతులు వచ్చాయి. అవతల బట్టలుతుకుతున్న ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు అమ్మో అన్నట్టు “ఏ దాయీ!” అని గుండెలు బాదుకున్నారు. తవిటమ్మ కట్ట దిగి పరిగెత్తుకొచ్చి, రాయి మీద ఆరేసి ఉన్న చీర ఒకటి లాక్కుని ఒక కొస విసరబోయింది. చెయ్యి ఎత్తిందో లేదో రమణమ్మ నడుం పట్టుకుంది. ఇంకొకామె జడ పట్టుకుంది.

“గండం గుంటే! పట్టుకోండర్రా, నీటిలోకి పోతంది!”

“ఒగ్గండి! నాకు ఈతొచ్చు! పిన్నీ, ఒగ్గీ!”

“ఈతొత్తే గండం పోద్దేటే? మీయమ్మకి ఏటి సెప్పమంటావే మేము?”

ఇద్దరు ముగ్గురు చేరి ఈత వచ్చిన ఒకే ఒక్క పిల్లని నేలకి అదిమి పట్టారు. ఆ గొడవలో మునుగుతున్న వాడి వైపు ఎవరూ చూడలేదు. వాడికి గండం లేదు కదా. తవిటమ్మ రమణమ్మ చెయ్యి కొరికింది. రక్తం వచ్చేలా కొరికి, జడలోంచి కొన్ని వెంట్రుకలు వాళ్ళ చేతుల్లోనే వదిలి, దూకింది.

నేర్పినట్టే వెనక నుంచి వెళ్ళింది. నేర్పినట్టే జుట్టు కోసం చెయ్యి చాపింది. చందనం రాసిన గుండు చేతిలో నుంచి జారిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ జారింది. ఆ రెండోసారికి వాడు తిరిగి ఆమె మెడ పట్టుకున్నాడు.

ఇద్దరూ మునిగారు. పైన నీరు ఎర్రగా కలకబారింది. తర్వాత తవిటమ్మ ఒక్కతే పైకి తేలింది.

ఎండుచేపలు అమ్ముతున్న నరసమ్మని గుఢియారీ బజారు నుంచి ఎవరో లాక్కొచ్చారు. ఆమె వచ్చేదాకా ఒడ్డు మీద అంత మంది మగాళ్ళు ‘తాడు తేండి’, ‘ఫైరింజనుకి ఫోన్ కరో’ అని ఒకరికొకరు ఆజ్ఞలిచ్చుకుంటూ నిలబడ్డారు. నరసమ్మ బుట్ట పడేసి దిగింది. కాస్సేపటికి వాణ్ణి భుజాన వేసుకుని పైకొచ్చింది. ఒక కాలికి చెప్పు అలాగే ఉంది. తలకిందులు చేసింది, పొట్ట నొక్కింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఆడవాళ్ళు అప్పుడు కూడా కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. లాభం లేకపోయింది.

సుభద్ర జ్వరంతోనే వచ్చింది. కొడుకుని చూసింది. తడి లంగాతో నిలబడ్డ కూతురిని చూసింది. మెడ మీద వేళ్ళ గుర్తులు చూసింది.

“తన్నినావటే?”

పిల్ల తల ఊపింది. ఆ పిల్లకి అబద్ధం ఆడటం ఎవరూ నేర్పలేదు.

“గండం నీది. నా కొడుక్కి అంటించి నువ్వు బతికొచ్చినావు.” సుభద్ర గొంతు పెంచలేదు. నరసమ్మ వైపు తిరిగింది. “కొన్నావు గదా. తీసుకుపో. ఇంక నా దగ్గరుంచి పెంచను.”

కొండలరావు ఏమైనా అంటాడేమోనని జనం చూశారు. అతను కొడుకు కాలి నుంచి ఆ ఒక్క చెప్పు తీస్తూ ఉన్నాడు.

ఆ సాయంత్రమే పిల్ల గౌన్లూ పలకా ఉన్న మూట రేకుల గుడిసె ముందు పడి ఉంది. ఇది అన్యాయమని మా లైన్లలో ఒక్కరూ అనలేదు. సుభద్రని ఓదార్చడానికి వెళ్ళినవాళ్ళు, ఆ జాలరిది గండాన్ని మళ్ళించే విద్యేదో పిల్లకి నేర్పిందని తేల్చారు. రమణమ్మ చేతికి కట్టు కట్టుకుని, ఆ పంటి గాటు అందరికీ చూపించింది. తాను పట్టుకున్న సంగతి చెప్పలేదు. పిల్లలు మరీ నయం. తవిటమ్మ నల్లా దగ్గరికి వస్తే చాలు, వరసగా నిలబడి గాలిలోకి కాళ్ళు విసురుతూ, “తమ్ముణ్ణి తన్ను, ధడ్ ధడ్!” అని పాడేవాళ్ళు.

పిల్ల మాట్లాడటం మానేసింది. పెట్టింది తినడం మానేసింది. తల దువ్వనిచ్చేది కాదు. పొద్దున్నే లేచి ఖదాన్‌కి వెళ్ళి, నీటిలో కాళ్ళు పెట్టుకుని అంచు వైపు చూస్తూ కూర్చునేది. నరసమ్మ చేపల బుట్ట ఎత్తుకుని పోతూ చూసేది, తిరిగొస్తూ చూసేది. నీటి వైపు అలా చూసేవాళ్ళని ఆమె భీమిలిలో చూసింది. వాళ్ళు ఎక్కువ రోజులు చూస్తూ కూర్చోరు.

ఓ పొద్దున బుట్ట దించేసి, పిల్ల పక్కన చతికిలబడింది.

పిల్ల నీటి మీంచి కళ్ళు తీయకుండానే అడిగింది. “తన్నకపోతే ఆడు బతికేవోడా?”

“నేదు.”

“నువ్వు అబద్ధం సెప్తున్నావు.”

“ఇద్దరూ పోయేవోరు. గుండు పట్టు దొరకదని నాకు తెలుసు. నీకు సెప్పనేదు. చంక కింద సెయ్యేసి లాగాలని సెప్పనేదు. ఆడు నేర్పమని అడిగినాడు, నేర్పనేదు. నూరేల్లోడని పొమ్మన్నాను. తప్పు ఎతుక్కుంటే నా దగ్గరుంది. నీ కాలిది కాదు.”

పిల్ల చూపు ఇంకా అంచు మీదే ఉంది. నరసమ్మ లేచి, పిల్ల రెక్క పట్టుకుని నీటిలోకి ఈడ్చింది. అంచు దాటించింది. దాటించి, రెండు చేతులూ పిల్ల మెడ చుట్టూ వేసి బిగించింది.

“తన్ను.”

పిల్ల కదల్లేదు. చేతులు వేలాడేసింది. ఇద్దరూ మునిగారు. నరసమ్మ పైకి తెచ్చింది. “తన్నవే!” మళ్ళీ మునిగారు. ఈసారి పిల్ల నోరు తెరిచింది, నీళ్ళు తాగడానికి తెరిచినట్టు. నరసమ్మ పైకి లాగి, ముఖం మీద కొట్టి, మళ్ళీ మెడ బిగించింది.

కట్ట మీద జనం పోగయ్యారు. “అయ్యో, గుంటని సంపేత్తందిరా!” అని అరిచారు. “ఎవరైనా దిగండర్రా!” అన్నారు. ఎవరూ దిగలేదు. రమణమ్మ కూడా వచ్చింది, కట్టు కట్టిన చేత్తో నోరు మూసుకుని చూసింది. ఆపడానికి తెగించి నీటిలో కాలు పెట్టినవాడు ఒకడుంటే, వాడు పాదం తడవగానే వెనక్కి వచ్చేశాడు.

నీటి కింద నరసమ్మ వదల్లేదు. ఈసారి పిల్లని పైకి తీసుకురాలేదు. ఆమె ముసలిది అవుతోంది, ఆమె గాలి కూడా అయిపోతోంది. తన చేతులు వదిలేస్తే పిల్ల మళ్ళీ అంచు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. వదలకపోతే ఇద్దరూ ఇక్కడే. ఆమె వదల్లేదు.

అప్పుడు పిల్ల ఒళ్ళు మెలి తిరిగింది. మోకాలు ముడుచుకుంది. గుండెల మీద అరికాలు ఆనింది.

ఆ తన్నుకి నరసమ్మ వెనక్కి విరుచుకుపడింది. తవిటమ్మ పైకి వచ్చి, గాలి మింగి, ఒడ్డు చేరి, మొరం మీద బోర్లా పడి దగ్గింది. నరసమ్మ తేలేసరికి చాలాసేపు పట్టింది. వచ్చి గుండె చేత్తో పట్టుకుని పక్కన కూలబడింది.

“పక్కటెముక ఇరిగినట్టుందే,” అంది.

పిల్ల తల తిప్పి చూసింది. “నొప్పెట్టిందా, కొన్నమ్మా?”

“ఎట్టింది. లే. మల్లీ దిగుదాం. ఈసారి చంక కింద సెయ్యేసి నన్ను ఒడ్డుకి లాగు.”